ఆంథూరియం ఆకు అంచున తడిమచ్చలు, ఊడిపోతున్న కాడలు: ఏ తెగులు, ఏం చేయాలి?

నీడతోట_రాజమండ్రి

అందరికీ నమస్కారం. షేడ్‌నెట్ కింద సుమారు వంద ఆంథూరియం కుండీలున్నాయి. నీడ 75 శాతం. కుండీల్లో కొబ్బరి డొప్ప ముక్కలు, బొగ్గు, ఇటుక ముక్కలు. నీళ్లు సాయంత్రం పూట పైపుతో పైనుంచే పెడుతున్నాం. ఎరువు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో), లీటరుకు 2 గ్రాములు, వారానికోసారి.

వానలు మొదలయ్యాక ముదురు ఆకుల అంచు వెంట చిన్నచిన్న మచ్చలు వస్తున్నాయి. ఆకు వెనక నుంచి చూస్తే నూనె అంటిన కాగితంలా తడిగా ఉన్నాయి. తర్వాత మధ్యభాగం గోధుమరంగుకు తిరిగి ఎండుతోంది, చుట్టూ పసుపు. మూడు కుండీల్లో ఆకు మొత్తం పసుపెక్కింది, కాడ పట్టుకుని కొంచెం లాగితే మొదట్లో ఊడి చేతికొస్తోంది. కార్బెండజిమ్ రెండుసార్లు కొట్టినా తేడా లేదు. ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

పత్రరంధ్రం

ఫొటోలు చూశానండి. నూటికి తొంభై పాళ్లు బ్యాక్టీరియా ఎండుతెగులే. కారకం జాంథోమోనాస్ జాతి బ్యాక్టీరియా. మొదట డిఫెన్‌బాకియా మొక్కలో గుర్తించారు కాబట్టి దాని పేరులో ఆ మొక్క పేరుంది. కార్బెండజిమ్ శిలీంధ్రాల మందు, బ్యాక్టీరియాని తాకదు. ఎన్నిసార్లు కొట్టినా మచ్చలు ఆగవు, పైగా ఆకులు తడిసి తెగులు ఇంకాస్త పాకుతుంది.

అయినా ఇంకో మూడింటితో పోల్చి నిర్ధారించుకోండి.

ఆంత్రాక్నోస్ (ఇది శిలీంధ్ర తెగులు) అయితే మచ్చలు ఆకు మధ్యలో, ఈనెల దగ్గర కూడా వస్తాయి. మచ్చలో వలయాలు, నల్లటి చుక్కలు కనబడతాయి, పువ్వు మధ్య కంకి నల్లబడి కుళ్లుతుంది. ఎరువు ఉప్పు ఎక్కువైతే అంచు అంతా ఒకే వెడల్పున ఎండుతుంది, తడిమచ్చ దశ ఉండదు, చాలా కుండీల్లో ఒకేసారి వస్తుంది. ఎండదెబ్బ అయితే వెలుగు నేరుగా పడిన చోటే తెల్లగా పాలిపోతుంది, ఆకు వెనక మామూలుగానే ఉంటుంది.

బ్యాక్టీరియా మచ్చ అంచు దగ్గర చిన్నగా, కోణాలతో మొదలై ఈనెల వెంబడి లోపలికి పాకుతుంది. ఆకుని వెలుగుకు అడ్డంగా పట్టుకుని వెనక నుంచి చూడండి. ఎండిన భాగానికీ పచ్చభాగానికీ మధ్య తడిసినట్టు పలచటి గీత కనబడాలి. దాన్ని మించిన గుర్తు లేదు.

కొబ్బరిపొట్టు

గాజుగ్లాసు పరీక్ష చేస్తే సరిపోదా? కాండం కోసి నీళ్లలో వేలాడదీస్తే పాలలాంటి దారాలు దిగుతాయి కదా.

పత్రరంధ్రం

ఆ పరీక్ష రాల్‌స్టోనియా అనే మరో బ్యాక్టీరియాతో వచ్చే వడలు తెగులుకు బాగా పనిచేస్తుంది. ఆంథూరియానికి అది కూడా వస్తుంది, కాబట్టి ఊడిపోతున్న మూడు కుండీల కాండంతో చేసి చూడండి. కొద్ది నిమిషాల్లోనే కోత నుంచి తెల్లటి దారాలు దట్టంగా దిగితే రాల్‌స్టోనియాని ముందు అనుమానించాలి. ఆకుమచ్చ నుంచి గ్లాసులో కంటికి కనబడేంత స్రావం రావడం తక్కువ. ఏమీ రాలేదని బ్యాక్టీరియా కాదనుకోవద్దు. ఆకుకైతే సూక్ష్మదర్శిని కావాలి. కొత్త మచ్చ అంచు నుంచి 3, 4 మిల్లీమీటర్ల ముక్క కోసి, గాజుపలకపై నీటిచుక్కలో పెట్టి, తక్కువ శక్తి కటకంతో చూస్తే కోసిన ఈనెల నుంచి మబ్బులా బయటికి పారుతుంది. దగ్గర్లో జూనియర్ కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబ్ ఉంటే చాలు.

మూడోఆకు

నీడతోట గారూ, మందు కన్నా ముందు మీ నీళ్ల సంగతి చూద్దాం. అసలు సమస్య అక్కడే ఉంది.

పొద్దున్నే 6 గంటలకు షేడ్‌నెట్‌లోకి వెళ్లి చూడండి. ప్రతి ఆకు అంచునా వరసగా నీటిబొట్లు ఉంటాయి. అది మంచు కాదు. కుండీలోని మాధ్యమం (డొప్ప, బొగ్గు, ఇటుక ముక్కలు) తడిగా, వెచ్చగా ఉండి, రాత్రి గాలిలో తేమ నిండి ఉంటే వేళ్లు తోసిన నీళ్లు ఆవిరయ్యే దారిలేక ఆకు అంచునున్న జలరంధ్రాల్లోంచి బయటికొస్తాయి. పాఠ్యపుస్తకాల్లో బిందుస్రావం అన్నది ఇదే. ఆ బొట్టులో చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఉంటాయి, బ్యాక్టీరియాకి చక్కటి ఆహారం. పైపుతో కొట్టినప్పుడు పక్క మొక్క నుంచి చింది వచ్చిన బ్యాక్టీరియా ఆ బొట్టులో పెరుగుతుంది. ఎండెక్కగానే ఆకు ఆ బొట్టుని మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది, దానితోపాటు బ్యాక్టీరియా కూడా లోపలికి పోతుంది. మచ్చలు అంచునే మొదలవడానికి కారణం అదే.

అందుకే సాయంత్రం నీళ్లు ఈ తెగులుకి అన్నిటికన్నా పెద్ద సాయం. ఇలా మార్చండి:

నీళ్లు ఉదయం 7 నుంచి 9 లోపే, కుండీ మొదట్లోనే, ఆకు తడవకుండా. వంద కుండీలకి డ్రిప్ పెద్ద ఖర్చు కాదు. 16 మిల్లీమీటర్ల గొట్టం వేసి, గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పర్ కుండీకొకటి పెట్టి, రోజుకు 5 నుంచి 8 నిమిషాలు వదిలి చూడండి. డొప్ప ముక్కల రకాన్ని బట్టి ఆ సమయం సర్దుకోవాలి. కుండీ అడుగు నుంచి కాస్త కారేంత చాలు.

కుండీల మధ్య జాగా ఇవ్వండి, ఆకుకి ఆకు తగలకూడదు. రాత్రిపూట పక్క నెట్ పైకి చుట్టి గాలి ఆడనివ్వండి. వీలైతే ఒక ఫ్యాన్ తెల్లవారుజామున రెండు మూడు గంటలు తిరగాలి. ఉదయం 8 దాటాక కూడా అంచున బొట్లు ఉంటే గాలి చాలడం లేదని అర్థం.

ఇంకో మాట. షేడ్‌నెట్ వానని ఆపదు. నెట్ మీద పడిన చినుకులు పెద్ద బొట్లుగా మారి మరీ గట్టిగా ఆకుల మీద కొడతాయి. గోదావరి జిల్లాల్లో జూన్ నుంచి నవంబరు తుపాన్ల దాకా ఇదే తంతు. నెట్ పైన 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ వాలుగా వేసి, చూరు దగ్గర మూడడుగులు గాలికి వదలండి. మందుల మీద పెట్టే డబ్బు ముందు దానిమీద పెట్టండి.

గులాబీమామ

ఇంత అవసరమా? స్ట్రెప్టోసైక్లిన్ (స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన యాంటీబయాటిక్) 10 లీటర్లకు 1 గ్రాము, బ్లైటాక్స్ (రాగి మందు) 30 గ్రాములు కలిపి వారం తేడాతో మూడుసార్లు కొట్టండి. నిమ్మ గజ్జితెగులుకి, వరి ఎండాకు తెగులుకి అందరం అదే కొడుతున్నాం.

పత్రరంధ్రం

మామా, ఆ లెక్క చాలా ఏళ్లుగా అందరి నోటా ఉన్నదే, కాదనను. కానీ ఆంథూరియంలో దానికి మూడు అడ్డంకులున్నాయి.

ఒకటి, స్ట్రెప్టోమైసిన్‌కి ఈ బ్యాక్టీరియా త్వరగా తట్టుకోవడం నేర్చుకుంటుంది. మొదటిసారి పనిచేసినట్టు కనబడుతుంది, పదేపదే కొడితే తట్టుకున్నవే మిగిలి పెరుగుతాయి. రెండు, అవి మనుషుల వైద్యానికి కావలసిన మందులు. కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ఇచ్చిన ముసాయిదా ఉత్తర్వు 2024 జనవరి 1 నుంచి పంటలపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకం ఆపేయాలంది. మూడు, కాండంలోకి పోయిన బ్యాక్టీరియాని ఆకు మీద కొట్టిన ఏ మందూ చేరలేదు. ఊడిపోతున్న ఆ మూడు కుండీలను స్ట్రెప్టోసైక్లిన్ కాపాడదు, తెగులు కాస్త దాగి పక్క కుండీలకి పోయే గడువు దొరుకుతుంది, అంతే.

తుత్తం_సున్నం

రాగి మందు వాడొచ్చు గానీ ఆంథూరియం రాగికి సున్నితమైన మొక్క అని మర్చిపోకూడదు. వివరంగా రాస్తాను.

కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి నిమ్మకి లీటరుకు 3 గ్రాములు కొడతాం. ఇక్కడ 2 గ్రాములతో మొదలుపెట్టండి. ముందు ఐదు కుండీల మీద కొట్టి 10 రోజులు ఆగండి. లేత ఆకు మీద చిన్న గోధుమ చుక్కలు, అంచు మాడడం, ఎర్రపువ్వు మీద ఊదా మరకలు కనబడితే అది రాగి దెబ్బ. బాగుంటేనే మిగతా వాటికి.

రాగి దెబ్బకి ఎక్కువసార్లు కారణం నీళ్ల పులుపు. ఆంథూరియానికి 5.5 నుంచి 6.5 పీహెచ్ నచ్చుతుందని చాలామంది ట్యాంకులో ఫాస్ఫారిక్ ఆమ్లమో నైట్రిక్ ఆమ్లమో కలిపి పెట్టుకుంటారు. ఆ నీళ్లతో రాగి మందు కలిపితే రాగి అయాన్లు ఒక్కసారిగా విడుదలై ఆకు కాలిపోతుంది. మందుకి మామూలు బోరునీళ్లే వాడండి, పీహెచ్ 7 దగ్గర ఉండాలి. ఫోసెటైల్ అల్యూమినియం అనే తెగుళ్ల మందు కూడా పుల్లటిదే. దాన్ని విడిగా లీటరుకు 2 గ్రాములు కొట్టవచ్చు గానీ రాగితో కలపకూడదు. రెండింటికీ మధ్య కనీసం రెండు వారాలు తేడా ఉండాలి.

మైలుతుత్తం, సున్నంతో చేసిన బోర్డో మిశ్రమం ఒక శాతం, అంటే లీటరుకు 10 గ్రాములు, 10 గ్రాములు, ఈ మొక్కకి ఘాటు. పైగా ఆకుల మీద, పూల మీద నీలి మరక పోదు. బల్లల కింద నేలకి, కాలువ గట్టుకి పోయడానికి వాడుకోండి. ఇనుప బ్లేడు ముంచి తీస్తే ఎర్రటి పూత పడకూడదు. పడితే సున్నం తక్కువైనట్టు.

రాగి ఆకు పైన ఉన్న బ్యాక్టీరియాని చంపుతుంది, లోపలికి దిగదు. కాబట్టి తెగులాకులు తీసేసిన తర్వాతే కొట్టాలి. పొద్దున బొట్లు ఆరాక, ఆకు వెనక కూడా తడిసేలా, సన్నటి తుంపరతో కొట్టండి. జోరుగా కొడితే మందునీళ్లే చింది తెగులు మోస్తాయి. వానాకాలంలో 10 రోజులకోసారి, పొడివాతావరణంలో అసలు అక్కర్లేదు.

బాల్కనీ_కూకట్‌పల్లి

మాకు నాలుగే కుండీలు. పుల్లటి మజ్జిగ, ఇంగువ, వేపనూనె కొట్టమని వేరే గ్రూపుల్లో చెబుతున్నారు. సూడోమోనాస్ (మేలుచేసే బ్యాక్టీరియా పొడి) కూడా. ఏదైనా పనిచేస్తుందా అక్కా/అన్నా?

మూడోఆకు

వేపనూనె పురుగులకి, బ్యాక్టీరియాకి కాదమ్మా. మజ్జిగ ఆకు మీద ఆరితే పైన పాలపదార్థాల పొర మిగులుతుంది. ఆకులు తేమగా ఉంటే దానిమీద ఇతర సూక్ష్మజీవులు పెరుగుతాయి, నాకైతే వద్దనిపిస్తుంది. సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ పొడి లీటరుకు 10 గ్రాములు కుండీ మొదట్లో పోస్తే వేళ్ల ఆరోగ్యానికి మంచిది, ముందు జాగ్రత్తగా పనికొస్తుంది. వచ్చిన తెగులు ఆపుతుందని ఆశపడొద్దు. రాగి కొట్టిన వారంలో పోస్తే అదీ చస్తుంది.

నాలుగు కుండీలకి మందే అక్కర్లేదు. తెగులున్నదాన్ని వేరే గదిలో పెట్టు. మచ్చలున్న ఆకులు కాడతో సహా కోసెయ్. వాన జల్లు తగలని చోట ఉంచు. ఆకుల మీద నీళ్లు చల్లకు, తుడవాలంటే ఒక్కో మొక్కకి వేరే గుడ్డ. పక్కనే డిఫెన్‌బాకియా, అగ్లోనిమా, సింగోనియం, కలాడియం ఉంటే వాటిని దూరం జరుపు. ఇవన్నీ చేమ కుటుంబమే. ఈ బ్యాక్టీరియా వాటిలోనూ ఉండగలదు. సింగోనియం ఆకు మీద రెండు మచ్చలే కనబడి అందంగానే ఉంటుంది, అక్కడి నుంచి ఆంథూరియానికి పాకితే మొక్కే పోతుంది.

నీడతోట_రాజమండ్రి

చాలా కృతజ్ఞతలు. మా షెడ్డులో ఒక మూల సింగోనియం తీగలున్నాయి, ఈరోజే తీయించేస్తాను. రెండు ప్రశ్నలు. ఏ మొక్క పారేయాలి, ఏది ఉంచాలి? ఆకులు కోసేటప్పుడు కత్తి జాగ్రత్తలు ఏంటి?

పత్రరంధ్రం

పారేయాల్సినవి: ఆకు మొత్తం కంచురంగులోకో పసుపులోకో తిరిగినవి, కాడ మొదట్లో ఊడినవి, కాడని అడ్డంగా కోస్తే లోపల గోధుమ చుక్కలు కనబడేవి. బ్యాక్టీరియా కాండంలోకి దిగినట్టే. చివర మొగ్గ పచ్చగా ఉందని కోసి నాటుకోవద్దు, పిలకలు కూడా తీయొద్దు. పైకి శుభ్రంగా ఉన్న పిలకలోనూ బ్యాక్టీరియా నెలల తరబడి దాగి ఉండగలదు. ఈ తెగులు ఊళ్లు దాటింది ఎక్కువగా అలాంటి మొక్కలతోనే.

ఉంచదగినవి: మచ్చ అంచుకే పరిమితమై, ఈనె వెంట కాడ దాకా పసుపు రానివి. ఆ ఆకుని కాడ మొదటి దాకా కోసెయ్యండి. సగం ఆకు కత్తిరించి అందంగా ఉంచాలనుకుంటే కోసిన అంచే కొత్త గాయం అవుతుంది, పైగా మచ్చ కనబడని చోట కూడా బ్యాక్టీరియా ఉంటుంది. మిగిలిన మొక్కకి రంగురిబ్బను కట్టి వారానికోసారి చూడండి. మళ్లీ రెండు ఆకులకి వస్తే ఇక ఆలోచించకుండా తీసెయ్యండి.

హవాయి సంగతి చెప్పాలి. అక్కడ ఈ తెగులు 1970ల మొదట్లో గుర్తించారు. 1980ల్లో హిలో ప్రాంతపు తోటల్లో విరుచుకుపడింది, చిన్న రైతులు చాలామంది సాగే వదిలేశారు. తట్టుకున్న తోటలు ప్రధానంగా మూడు పనులతో నిలబడ్డాయి: తెగులు మొక్కలు ఎప్పటికప్పుడు తీసేయడం, కత్తి శుభ్రం, టిష్యూకల్చర్ మొక్కలు (ల్యాబ్‌లో కణజాలం నుంచి పెంచినవి). తర్వాత ఆంటియోక్వియెన్స్ అనే అడవి ఆంథూరియంతో సంకరం చేసిన తట్టుకునే రకాలు కూడా వచ్చాయి.

కత్తెర_సీను

కత్తి గురించి నేను రాస్తాను. ఒకే కత్తితో వరసగా పూలు కోసుకుంటూ పోతే ఒక్క తెగులు మొక్క నుంచి వరసంతా అంటుతుంది.

రెండు కత్తులు పెట్టుకోండి. ఒకటి చేతిలో, ఒకటి మందునీళ్ల డబ్బాలో. మొక్క మారగానే కత్తి మార్చాలి. డబ్బాలో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది. 99 శాతం సీసా దొరికితే 70 మిల్లీలీటర్లకు నీళ్లు పోసి 100 చేయండి. చిక్కటిది వెంటనే ఆవిరైపోతుంది, అంత బాగా పనిచేయదు. నిప్పుకి దూరం. ఆల్కహాల్ లేకపోతే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మొక్కరసం, మట్టి పడితే దాని బలం చచ్చిపోతుంది, అందుకే ముందు గుడ్డతో తుడిచి ఆ తర్వాతే ముంచండి. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. ఈ రెండు ద్రావణాలూ ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపొద్దు, విషవాయువులు వస్తాయి.

ఆకులు పూర్తిగా ఆరాక, ఉదయం 10 గంటలు దాటాకే కొయ్యండి. బాగున్న వైపు నుంచి మొదలుపెట్టి తెగులున్న మూలకి చివర్లో వెళ్లాలి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి రాకూడదు. కోసిన ఆకు చేత్తో పట్టుకుని నడవకుండా, మొక్క పక్కనే పాలిథిన్ కవరు తెరిచి అందులోనే వేసి మూతి కట్టెయ్యండి. కంపోస్టులో వద్దు. షెడ్డుకి దూరంగా రెండడుగుల గోతిలో పాతేయండి. పారేసిన మొక్క మాధ్యమం మళ్లీ వాడొద్దు. కుండీని మట్టి లేకుండా రుద్ది కడిగి, అదే హైపోక్లోరైట్ నీళ్లలో 10 నిమిషాలు నానబెడితే వాడుకోవచ్చు.

కొబ్బరిపొట్టు

ఎరువు మాట ఎవరూ ఎత్తలేదు. 19:19:19లో ఉన్న నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియం రూపంలోనే ఉంటుంది. అమ్మోనియం ఎక్కువైతే ఆకు అంచు బొట్టులో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, మూడోఆకు గారు చెప్పిన ఆ బొట్టు బ్యాక్టీరియాకి ఇంకా రుచిగా మారుతుంది. లేత ఆకు కూడా మెత్తబడుతుంది.

వానాకాలం అంతా దాన్ని ఆపేసి, ఒక వారం కాల్షియం నైట్రేట్ లీటరుకు 1 గ్రాము, మరో వారం పొటాషియం నైట్రేట్ 13:0:45 లీటరుకు 1 గ్రాము ఇవ్వండి. భాస్వరానికి నెలకోసారి 0:52:34 లీటరుకు అర గ్రాము చాలు. కాల్షియం నైట్రేట్‌ని ఫాస్ఫేట్‌తో గానీ సల్ఫేట్‌తో గానీ ఒకే బకెట్లో చిక్కగా కలపొద్దు, తెల్లగా అడుక్కి దిగిపోతుంది. మీటరు ఉంటే ఇచ్చే నీళ్ల ఈసీ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 1.0 నుంచి 1.2 మధ్య ఉంచండి. యూరియా ఆకుల మీద అసలు కొట్టొద్దు. ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది, కంగారుపడకండి.

నీడతోట_రాజమండ్రి

తీసేసిన వాటి స్థానంలో కొత్త మొక్కలు ఎప్పుడు పెట్టొచ్చు?

మూడోఆకు

ఈ వానాకాలం వద్దండి. మిగిలిన వాటిలో కనీసం మూడు నెలలు కొత్త మచ్చ రాకుండా ఉండాలి. అంటే వేసవి మొదట్లో. తెచ్చేవి టిష్యూకల్చర్ మొక్కలై ఉండాలి, పిలకలు తీసి పెంచినవి కాకుండా. నర్సరీలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. తెచ్చాక షెడ్డుకి దూరంగా వేరే బల్ల మీద 8 వారాలు ఉంచండి. వాటి నీళ్ల గొట్టం, కత్తి కూడా వేరుగా ఉండాలి. ఆ 8 వారాల్లో మచ్చ కనబడకపోతే మాత్రమే లోపలికి.

పత్రరంధ్రం

ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలంటే వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం మీకు దగ్గర. తెలంగాణ వాళ్లకి సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వెళ్లేముందు మొక్కల తెగుళ్ల విభాగానికి ఫోన్ చేసి నమూనా తీసుకుంటారో లేదో కనుక్కోండి.

నమూనాకి పూర్తిగా ఎండిన ఆకు పనికిరాదు. తడిమచ్చ దశలో ఉన్నవి మూడు నాలుగు ఆకులు, ఊడిన కాడ ఒకటి తీసుకోండి. రాగి గానీ స్ట్రెప్టోసైక్లిన్ గానీ కొట్టకముందే తీయాలి, కొట్టాక తీస్తే బ్యాక్టీరియా పెరగక ఫలితం తప్పుగా వస్తుంది. ఆకుల్ని కడగకుండా, తడపకుండా, పొడి వార్తాపత్రికలో విడివిడిగా చుట్టి, ఆపైన కవరులో పెట్టండి. తడిగుడ్డలో చుట్టి పంపితే దారిలోనే కుళ్లిపోతుంది. కొరియర్ చేసేటట్టయితే సోమవారం పంపండి, శనివారం వేస్తే ఆదివారమంతా గోదాంలో వేడికి ఉడికిపోతుంది. కవరు మీద మొక్క పేరు, మొదటి మచ్చ కనబడిన తేదీ, కొట్టిన మందులు రాయండి. మీరు ఇప్పటికే కొట్టిన కార్బెండజిమ్ కూడా అందులో ఉండాలి.